అనంతగిరి ఎక్కొచ్చిన రెయిన్‌కోటు

వానాకాలంలో ఊరంతా షికార్లకు పోతుంది, మేము మాత్రం దుకాణంలో కూర్చుంటాం. ఆబిడ్స్‌లో పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో మాది గొడుగులు, రెయిన్‌కోట్ల దుకాణం. మా మామగారు పెట్టింది. మబ్బు పడితే అందరూ ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కుతారు, మావారు గల్లాపెట్టె ముందు సర్దుకుని కూర్చుంటారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి వానలో నడిచింది లేదు. ఎవరైనా అడిగితే వ్యాపారం కదా అని తప్పించుకునేదాన్ని.

అలాంటి మేము ఈ శ్రావణంలో, నడి సీజన్‌లో, షట్టరు దించి అనంతగిరి కొండ ఎక్కొచ్చాం. షికారుకు కాదు. ఒక రెయిన్‌కోటు కోసం!

మాకు రాజేశం అని ఒక టైలరున్నాడు. సొంతూరు సిద్దిపేట దిక్కు. నాంపల్లిలో రెండు మిషన్లు పెట్టుకుని చాలా ఏళ్లుగా మాకు కోట్లు కుట్టిపెడుతున్నాడు. రెడీమేడ్ మాలు వచ్చిపడ్డాక మావారు అతనికి పని తగ్గిస్తూ వచ్చారు. సీజన్ మొదట్లో ఒకరోజు రాజేశం దుకాణానికొచ్చి, హిమాయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు వాళ్లు వాచ్‌మన్ పనికి పిలిచారని, మిషన్లు అమ్మేసి పోతానని చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. గోడకు వేలాడుతున్న గొడుగుల వంక చూస్తూ చెప్పాడు. 

"ఆగు రాజేశం. ఒక్క కోటు కుట్టు. నీ సొంత తెలివితోని కుట్టు. అది పాసయితే రెడీమేడ్ బంద్, నీ మాలే పెడ్తం," అన్నాను. మావారిని అడక్కుండానే అన్నాను. దానికి ఇంట్లో నాకేం జరిగిందో ఇక్కడ రాయను.

పాసవడం అంటే మా దుకాణంలో ఒక పద్ధతుంది. మామగారు పెట్టిన పరీక్ష. కోటు మెడనూ చేతుల చివరలనూ తాడుతో బిగించి కట్టి, తలకిందులుగా కొక్కేలకు వేలాడదీసి, పైనుంచి చెంబులతో నీళ్లు పోస్తారు. చేతులూ భుజాలూ నిండి ఛాతీ దాకా నీళ్లు రావాలి. కింద న్యూస్‌పేపరు పరుస్తారు. తెల్లారి పేపరు తడిసుంటే కోటు ఫెయిలు, పొడిగా ఉంటే పాసు. ఆ ధీమాతోనే నేను కౌంటర్లో కూర్చుని, "ఒక్క చుక్క రాదు, పైసలు వాపస్," అని అరుస్తూ ఉంటాను.

రాజేశం తల మీంచి తొడుక్కునే రకం కోట్లు రెండు కుట్టుకొచ్చాడు, మావారికొకటి, నాకొకటి. ప్రతి కుట్టు మీదా టేపు అంటించాడు. మెడకు ఎలాస్టిక్కు, ముంజేతులకు ఎలాస్టిక్కు. దోమ కూడా దూరే సందు లేదు. తెల్లారి చూస్తే పేపరు కరకరలాడుతోంది. నేను చప్పట్లు కొట్టాను. మావారు మాత్రం గడ్డం గోక్కుంటూ కొత్త పేచీ తీశారు.

"కొక్కెం ఏమన్న నడుస్తదా? నడిచేటోని మీద గంటలకొద్ది వాన పడితే ఆగాలె. గప్పుడు మాట్లాడు."

"అయితే నడువుండ్రి అన్నా," అన్నాడు రాజేశం వెంటనే. "అనంతగిరికి పోదాం. గాడ వాన ఇడ్సిపెట్టకుంట కొడ్తది. గుట్ట ఎక్కినంక అంగి పొడిగుంటే మిషన్లు ఉంచుకుంట. తడిస్తే నా దారి నేను జూస్కుంట."

నాంపల్లి స్టేషన్

ఆదివారం పొద్దున బయల్దేరాం. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు అప్పుడే బరకాలు పరుస్తున్నారు, సగం మంది ఆకాశం వంక చూస్తూ సగమే పరిచారు. స్టేషన్ ఎదురుగా చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు పొట్లం కట్టించుకున్నాం. దారిలో తినడానికి సర్వపిండి నేను ఇంట్లోనే చేసి తెచ్చాను.

మావారు ఇంట్లోంచే కోటు తొడుక్కుని వచ్చారు. చినుకు కూడా లేదు. "పరీక్షంటే పరీక్షే," అంటారు. నేను నాది మడిచి సంచిలో పెట్టుకున్నాను, నాకు ఆమాత్రం పరువుంది. రాజేశం చేతిలో ఒక నల్ల గొడుగు. అది మా దుకాణంలో రిపేరుకిచ్చి ఎవరో తిరిగి రాని గొడుగు. మాకు సొంతానికి గొడుగులుండవు. కొత్తది తెరిచి తడిపితే సెకండ్ మాలవుతుందని మావారు ముట్టనివ్వరు. అందుకని ఇంటిల్లిపాదీ ఎవరెవరో మరిచిపోయిన గొడుగులే వేసుకుని తిరుగుతాం. ఆ నల్లదానికి ఇంకా ఓనరు పేరు చీటీ కట్టే ఉంది.

రైలు కదిలాక ఎదురు సీట్లో తాండూరు పోయే ఒక పెద్దావిడ కూర్చుంది. మనవరాలిని చూసి వెళ్తోందట. మావారిని పైనుంచి కిందికి చూసి, నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"ఇంట్ల గూడ గిదే ఏస్కుంటడా బిడ్డా?"

"లేదమ్మా, గిది పరీక్ష," అన్నాను.

"ఈ వయసుల ఏం పరీక్ష?" అని ఆమె మావారి కోసం నిజంగా బాధపడి, సంచిలోంచి ఉడకబెట్టిన పల్లీలు దోసెడు తీసి పెట్టింది. ఉప్పు వేసి ఉడికించినవని మావారు తినలేదు. ఆయనకు బీపీ. ఉప్పంటే ఇంట్లో నేను పోలీసులాగా కాపలా కాస్తాను. నేనూ రాజేశం మాత్రం పొట్టు కూడా చప్పరించాం.

వికారాబాద్

దిగేసరికి వాన మొదలైంది. మీరు చూడాల్సింది అక్కడి జనాన్ని. మా ఆబిడ్స్‌లో నాలుగు చినుకులు పడితే రోడ్డు ఖాళీ. అందరూ దుకాణాల చూరు కింద దూరి, ఆగేదాకా ఫోన్లు చూసుకుంటారు. అందులో ఇద్దరు ముగ్గురు విసుగెత్తి గొడుగు కొంటారు, అదే మా బతుకు. ఇక్కడ ఎవరూ పరుగెత్తరు. కూరగాయలావిడ తడుస్తూనే తూకం వేస్తోంది. యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి టోపీలాగా తల మీద వేసుకుని ఒకాయన సైకిల్ మీద తాపీగా పోయాడు. సంచి వెనక పిక్కల దాకా వేలాడుతోంది. మావారు ఆయన్ని కనుమరుగయ్యేదాకా చూశారు.

"ఈ ఊర్ల మన దుకాణం పెడితే ఈగలు తోలుకోవాలె," అన్నారు దిగులుగా.

స్టేషన్ బయట మిర్చీలు వేడివేడిగా తీస్తున్నారు. మా దగ్గర నాలుగు వచ్చే పైసలకు ఇక్కడ ఆరు కట్టాడు, పైన ఉల్లిగడ్డ ముక్కలు అడక్కుండానే చల్లాడు. అలాంటి బేరం దొరికిన ఊరు మంచి ఊరని నా లెక్క. ఆటోవాడు కొండ దాకా రెండొందలన్నాడు, నేను నూటయాభై అన్నాను.

"అక్కా, వానల ఎవడొస్తడు చెప్పు?" అన్నాడు.

"వానల ఎక్కేటోళ్లు గూడ మేమే ఉన్నం కదా, చెప్పు," అన్నాను. నవ్వి నూటయాభైకే ఎక్కించుకున్నాడు.

కొండదారి

అనంతగిరి అంటే హిమాలయమేం కాదు. గుడి దాకా మంచి రోడ్డుంది, కార్లొస్తాయి. అక్కణ్నుంచి అడవిలోకి దారి తీసుకుంటేనే అసలు కొండ. ఎర్రమట్టి, రాళ్లు, రెండు పక్కలా పచ్చగా దూసుకొచ్చిన చెట్లు. మబ్బు కిందికి దిగి చెట్ల మధ్య తిరుగుతోంది. నేను నోరు తెరిచి నిలబడిపోయాను. వానను ఇన్నేళ్లూ కౌంటరు వెనక నుంచే చూశాను. అమ్మకం బాగుందా లేదా అనే తప్ప వాన బాగుందా లేదా అని ఎప్పుడూ చూడలేదు. అబ్బ, ఎంత బాగుందో!

నేనూ కోటు తొడుక్కున్నాను. కోటు మీద వాన టపటపా మోగుతోంది. రాజేశం గొడుగు పట్టుకుని మా చుట్టూ తిరుగుతూ, ఒకసారి భుజం దగ్గర, ఒకసారి వీపు దగ్గర కుట్లు తడిమి చూస్తున్నాడు.

"మంచిగున్నది కదా వదినా? గీ భుజం కాడ ఏం వస్తలేదు కదా?"

"భేషుగ్గుంది, నువ్వు ముందు చూసి నడువ్," అన్నాను. అన్నానో లేదో బురదలో నేనే జారి కూలబడ్డాను. కోటుకేం కాలేదు, నడుము పట్టేసింది.

నన్ను లేపే హడావిడిలో రాజేశం గొడుగు పక్కన పెట్టాడు. ఎక్కడ కాచుకుని ఉందో, ఒక కోతి వచ్చి గొడుగు లాక్కుని చెట్టెక్కింది. కొమ్మ మీద కూర్చుని ఊచలు ఒక్కొక్కటే విరిచి కింద పడేస్తోంది. మావారు తల పట్టుకున్నారు.

"అయ్యో, ఓనరొస్తే ఏం చెప్పాలె?"

ఆ ఓనరు గొడుగు ఇచ్చినప్పుడు మాకింకా పెళ్లి కాలేదు. "కోతి పేరు రాస్కోండి," అన్నాను. నాకు నవ్వు ఆగలేదు. రాజేశానికి నెత్తిన ఏ అడ్డూ లేకుండా పోయింది, నిమిషాల్లో ముద్దయ్యాడు. అతనికి మాత్రం అదేం పట్టలేదు. మావారి కోటు మీదే కళ్లన్నీ.

దారి నిటారుగా లేచింది. మావారు బొద్దుగా ఉంటారు, గల్లాపెట్టె దగ్గర కూర్చుని కూర్చుని. ఎగశ్వాస మొదలైంది. ఒక మలుపు దగ్గర రాయికి ఆనుకుని, కోటు మెడలోంచి చెయ్యి లోపలికి పెట్టి చొక్కా పట్టి చూసుకున్నారు. వీపు వైపు కూడా తడుముకున్నారు.

"సులోచనా," అన్నారు చివరికి, "అంగి పిండొచ్చు."

నేను వెళ్లి చూశాను. బనీనుతో సహా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నా వీపు కూడా చల్లగా జిడ్డుగా ఉందని అప్పుడే గమనించాను. గొడుగు పోయినవాడూ కోటు వేసుకున్నవాడూ ఒకే తీరున తడిశారు. ఇంకేం పరీక్ష!

రాజేశం మొహం పాలిపోయింది. "ఏడికెళ్లి వస్తుందన్నా? ఏ కుట్టు?" అంటూ మావారి చుట్టూ తిరిగాడు. టేపు గోటితో గీకాడు. ఎక్కడా ఊడలేదు.

"యాడని చెప్పాలె? అంతట తడే," అన్నారు మావారు. గెలిచినందుకు ఆయన మొహంలో సంతోషం లేదు. అది నేను ఒప్పుకోవాలి.

"సరే అన్నా. నువ్వన్నదే నిజమైంది," అన్నాడు రాజేశం. "అపార్ట్‌మెంటోళ్లు రేపటిదాక టైమిచ్చిన్రు. రేపు పోయి ఔనని చెప్త." తర్వాత మా ముందు నడిచాడు. కుట్లు తడమడం మానేశాడు. నాకు ఏడుపొచ్చింది. నా నోటి దూలతో ఇతనికి లేనిపోని ఆశ పెట్టానే అనిపించింది.

ఉప్పు లేని కంకి

పైన, చెట్లు తెరిపిచ్చిన చోట, పాలిథిన్ కవరు కింద ఒకావిడ బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తోంది. నెత్తి మీంచి గొంగడి కప్పుకుని వెచ్చగా కూర్చుంది. కంకి ముప్పై రూపాయలు, ఆబిడ్స్ ధరే. కానీ పొట్టు తీసి గింజ గోటితో గిల్లితే పాలొచ్చాయి, అలాంటి కంకి మా దగ్గర ఎక్కడిది! చిప్పలో ఉప్పూ కారం కలిపి పెట్టుకుంది, నిమ్మచెక్క దాంట్లో అద్ది కంకికి రుద్ది ఇస్తుంది.

"నాకు ఉత్తగనే ఇయ్యమ్మా. బీపీ ఉంది, ఉప్పు వద్దు," అన్నారు మావారు.

ఆమె అలాగే ఇచ్చింది. మావారికి ముంజేతి ఎలాస్టిక్కు బిగుసుకుపోతోందని దాన్ని సాగదీసి వదులు చేసుకుని, రెండు చేతులా కంకి పట్టుకుని తినడం మొదలుపెట్టారు. రెండు కొరుకులు కొరికి ఆగిపోయారు.

"ఏందమ్మా, వద్దంటే గూడ ఉప్పు రుద్దినవ్?"

"నేనేడ రుద్దిన? నీ ముంగటనే కదా ఇచ్చిన."

"మరి నోరంత ఉప్పుప్పగ ఎందుకున్నది?"

"గంత ఎత్తు ఎక్కొచ్చింది నాతోని లడాయి పెట్టుకునేతందుకా? ఇటియ్యి!" అని కంకి లాక్కుని, కొరకని కొస నుంచి నాలుగు గింజలు ఒలిచి నోట్లో వేసుకుంది. "సప్పగ సల్లారింది. నీ నాలిక ఖరాబైనట్టుంది, దవాఖానల జూపిచ్చుకో."

నేను వెంటనే ఆమె ఒలిచిన వైపు గింజ తిన్నాను. చప్పన. మావారు కొరికిన వైపు తిన్నాను. ఉప్పన! మావారు కంకి వెనక్కి తీసుకుని మళ్లీ నోటి దగ్గరికెత్తారు. అప్పుడు కనపడింది. మోచెయ్యి పైకి లేవగానే, వదులైన ఎలాస్టిక్కు సందులోంచి నీళ్లు మణికట్టు మీదుగా జారి కంకి మీద పడుతున్నాయి.

నేను నోరు తెరిచేలోగానే రాజేశం లేచాడు. మావారి చెయ్యి పట్టుకుని, కోటు చేతిని వంచి, కారిన నీళ్లు అరచేతిలో పట్టి నాలుకకు రాసుకున్నాడు.

"వాన గాదు!" అని అరిచాడు. చెట్ల మీది కోతులు కూడా అటు చూశాయి. "అన్నా, గిది వాన గాదు! చెమట! నీ చెమట!"

"ఛీ ఛీ! అంటే నేను తిన్నది?" అన్నారు మావారు.

"నీదే కదా, వేరేటోళ్లది గాదు," అంది కంకులావిడ. అందరం పగలబడి నవ్వాం. మావారు మాత్రం కంకిని దూరంగా పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

నవ్వు తగ్గాక నాకు విషయం తలకెక్కింది. ఈ కోటును పాస్ చేసినప్పుడు మేం చూసిందేమిటి? లోపల పోసిన నీళ్లు తెల్లారేదాకా బయటికి రాలేదు, అంతే. దానికి నేను చప్పట్లు కూడా కొట్టాను. మనిషి వేసుకుంటే లోపలి చెమట మాత్రం ఎలా బయటికి పోతుంది? రాజేశం కష్టపడి బ్రహ్మాండమైన తొట్టి కుట్టాడు, మేం అందులో మనిషిని పెట్టి కొండెక్కించాం.

"మన పరీక్షే తప్పు," అన్నాను.

మావారి నవ్వు, అప్పుడప్పుడే వచ్చింది కాస్తా, ఆగిపోయింది. "మా నాయన పెట్టిన పరీక్ష తప్పంటవా?"

"మామయ్యది తప్పనలేదు. కొక్కేనికి చెమట పట్టదు కదా అంటున్న."

ఆయన కోటు విప్పి, చొక్కా బొగ్గుల సెగకు ఆరబెట్టుకుంటూ కూర్చున్నారు. రాజేశం ఆ కోటును తీసుకుని కాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత జేబులోంచి దారాలు తెంపే చిన్న కత్తెర తీసి, చంకల కింద కచక్ కచక్‌మని రెండు చీలికలు పెట్టేశాడు.

"అరే! అరే! రంధ్రం పెడ్తవేంది?" మావారు లేచొచ్చారు.

"ఫెయిలైన కోటే కదన్నా. ఇంకేం పోతది?" అన్నాడు. నా కోటుకూ అలాగే కోశాడు. "చేతులు కిందికుంటే చంకలల్ల వాన పడదు. గాలి మాత్రం ఆడ్తది. దిగేటప్పుడు సూడు."

దిగుడు

దిగేటప్పుడు వాన ఇంకా జోరందుకుంది. మట్టిదారి కాలువైంది. ఆశ్చర్యమేమిటంటే, నాకు హాయిగా ఉంది. చంకల కిందనుంచి చల్లటి గాలి లోపలికొచ్చి వీపు మీద తిరుగుతోంది. సర్వపిండి నడుస్తూనే తినేశాం. మావారు నాకు ముందు నడుస్తూ, ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు మోచేతులు కొంచెం ఎత్తి గాలి పట్టుకుంటున్నారు. నేను చూశాను. చూసినట్టు చెప్పలేదు.

కింద ఒక చోట సన్నటి పాయ దారిని దాటుతోంది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనేనని ఆటోవాడు చెప్పాడు. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద బస్సులో ముక్కు మూసుకుని దాటే మూసీ! కాళ్లు కడుక్కున్నాను, మొహం కూడా కడుక్కున్నాను. మా ఊరు దాన్ని ఏం చేసిపెట్టిందో తలుచుకుంటే సిగ్గేసింది.

రైల్లో కూర్చున్నాక ఇక ఆగలేక అడిగేశాను. "దిగేటప్పుడు తడిసిందా, లేదా?"

మావారు కిటికీలోంచి చూస్తూ, "అంత లేదు," అన్నారు. మళ్లీ తనే, "మంచిగ కుట్టుకొని తేనీ. కొక్కేనికి కట్టి జూద్దాం," అన్నారు.

రాజేశం, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చంకలో చీలికలున్న కోటును కొక్కేనికి కట్టి నీళ్లు పోస్తే ఏమవుతుందో పసిపిల్లవాడిని అడిగినా చెప్తాడు. రాజేశం నాంపల్లి వచ్చేదాకా చిన్న కత్తెరను తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. అపార్ట్‌మెంటు వాళ్లను ఇంకొన్ని రోజులు ఆగమని మాత్రం నేనే బతిమాలి ఫోన్ చేయించాను.

ఆబిడ్స్

ఆ వారంలోనే రాజేశం కొత్త కోటు తెచ్చాడు. చంకల కింద చీలికల్లో సన్నటి జాలీ వేసి, వాన పడకుండా పైన రెక్కలాగా గుడ్డ కుట్టాడు. చూడముచ్చటగా ఉంది. మావారు మెడ కట్టారు, చేతులు కట్టారు, కొక్కేలకు వేలాడదీశారు. కింద పేపరు పరిచారు. మామగారు ఎలా పరిచేవారో అలాగే, మడతలు లేకుండా.

చెంబుతో నీళ్లు పోయడం మొదలుపెట్టారు. రెండు చేతులూ నిండాయి, భుజాలు నిండాయి. చంకల దాకా రాగానే రెండు పక్కలా ధారలు కట్టాయి. ఆయన ఆపలేదు, బకెట్ అయిపోయేదాకా పోశారు. పేపరు నానింది, నేల నానింది, నీళ్లు గడప దాటి సందులోకి పోయాయి. రాజేశం తల వంచుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు.

మావారు ఖాళీ చెంబు పట్టుకుని కోటు చుట్టూ ఒకసారి తిరిగారు. రెక్క ఎత్తి జాలీ చూశారు, కుట్టు వేలితో రాసి చూశారు.

"లోపల నీళ్లు నిలుస్తలేవు," అన్నారు. తర్వాత తడిసిన పేపరు కాలితో పక్కకు నెట్టి, "పాసే," అన్నారు.

నేను కౌంటరు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నా చెవులు నేను నమ్మలేదు.

"మిషన్లు అమ్మలేదు కదా?" అని రాజేశాన్ని అడిగారు.

"లేదన్నా."

"అమ్మకు. రెడీమేడోళ్లకు నేను వద్దని చెప్తున్న."

రాజేశం కళ్లు ముంజేత్తో తుడుచుకుని, ఫోన్ తీసి, మా ముందే అపార్ట్‌మెంటుకు చేశాడు.

"సార్, వాచ్‌మన్ పనికి వేరేటోళ్లను సూస్కోండ్రి," అన్నాడు. "నాకు కుట్టుడు పనున్నది."